మంచి గుంట శాంపిల్

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. రొయ్యల గుంటలో జబ్బుకు గుర్తుగా తెల్లటి పెంట తేలితే వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుని, రంగు చూసి, నలిపి చూసి, టిఫిన్ కూడా తినకుండా ల్యాబుకు పరిగెత్తే పెద్దమనుషులు మీలో ఎంతమంది ఉన్నారు? ఉన్నారు, నాకు తెలుసు. మరి సొంత కడుపు సంగతి అంత శ్రద్ధగా చూసుకున్నవాళ్ళెంతమంది?

ఒక్క చెయ్యీ లేవలేదు. సరే. లాజరస్ చెయ్యి కూడా లేచేది కాదు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే ఒక పాలెం వస్తుంది. అక్కడ లాజరస్‌కి రెండు రొయ్యల గుంటలు. తెల్లారగానే అతను చేసే మొదటి పని ప్రార్థన, రెండోది చెక్ ట్రే ఎత్తడం. తాడు పట్టి లాగితే నీళ్ళు కార్చుకుంటూ పళ్ళెం పైకొస్తుంది. వేసిన మేత ఎంత తిన్నాయో, ఎంత వదిలేశాయో అందులో తెలిసిపోతుంది. పళ్ళెంలో ఎగిరే రొయ్యల్లో ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఎండకెదురుగా ఎత్తుతాడు. అద్దం లాంటి ఒంట్లో తల నుంచి తోక దాకా నల్లటి గీత. అది పేగు. గీత నిండుగా ఉంటే లాజరస్ ముఖం కూడా నిండుగా ఉంటుంది. గీత మధ్యలో తెగితే ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

"అన్నకు రొయ్య పేగు తెలిసినంతగా వాక్యం తెలిసుంటే మన పాస్టరుగారు ఎప్పుడో ఊరు ఖాళీ చేసుండాల," అంటాడు గుంటల దగ్గర పనిచేసే పోలేరయ్య. లాజరస్ చర్చిలో సంఘ పెద్ద కాబట్టి నవ్వకుండా నవ్వుతాడు.

ఆ పాలెంలో ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఎవరైనా ఒక మాట కడుపులో దాచుకుంటే వాళ్ళు అడుగేసిన చోట ఉప్పు తేలుతుంది. చిన్న మాటైతే సన్నగా మెరిసి, చీర అంచు తగిలితే చెరిగిపోతుంది. పెద్ద మాటైతే పాదం ఆకారంలో తెల్లగా గడ్డకడుతుంది. ఎప్పటి నుంచో అంతే. ఆడవాళ్ళు వాకిలి ఊడ్చేటప్పుడు దాన్నీ ఊడుస్తారు, శుభ్రంగా ఉంటే చేపలు ఊరబెట్టడానికి దాచుకుంటారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు లేచి వెళ్ళాక చాప కింద గుప్పెడు ఉప్పు ఉండటం మామూలే. దాన్ని పట్టించుకుంటే పెళ్ళిళ్ళు జరగవు. ఒకటి రెండు ఆదివారాలు పాస్టరుగారి కాళ్ళ కింద కూడా గరగరమంది. సంఘమంతా కళ్ళు దించుకుని ఆమెన్ చెప్పింది. ఆ పాలెం మర్యాద అది. ఉప్పు కనిపిస్తే ఊడవాలి, ఎందుకని అడగకూడదు. అడిగేవాళ్ళ కాళ్ళ కింద మాత్రం నేల అంత శుభ్రంగా ఉందా ఏమిటి?

ఒక ఆదివారం నెల్లూరు ఆసుపత్రి నుంచి క్యాథరిన్ సిస్టర్ వచ్చింది. ఆరాధన అయ్యాక మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటుంటే తలుపు దగ్గర అడ్డం నిలబడి అందర్నీ మళ్ళీ కూర్చోబెట్టింది. సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. మూతకు పుల్ల. లోపల ఏవో నీళ్ళు. ఇంకో చేత్తో ఆకులో చుట్టిన రాగిసంగటి ముద్ద తీసింది.

"దొడ్డికి పోయినప్పుడు నీళ్ళు తగలకముందే కాగితం మీద పట్టుకోండి. ఇదిగో, ఇట్టా నాలుగైదు చోట్ల పుల్లతో గుచ్చండి. సీసాలో పెట్టి బిగించండి. అంతే పని." సంగటి ముద్దను గుచ్చి చూపించింది. "కంటికి కనిపించని రక్తం ఉన్నా దీంట్లో తెలిసిపోతుంది. రక్తం ఉంటే క్యాన్సర్ అని కాదు. లోపలికి కెమెరా పంపి చూడాలని అర్థం. పేగులో చిన్న కండ పెరిగుంటే అప్పుడే తీసేయొచ్చు. పెద్దదయ్యాక వచ్చి నా కాళ్ళ మీద పడితే నేనేం చేసేది?"

"ఇంక నేను సంగటి తిన్నట్టే," అని వెనక ఎవరో గొణిగారు. అందరూ నవ్వారు.

లాజరస్ భార్య ఏసుమణి ముందు వరసలోంచి చెయ్యి చాచింది. "నాకూ ఒకటియ్యి సిస్టర్."

"నీకెన్నేళ్ళక్కా?"

"నలభై ఎనిమిది."

"ఈసారికి యాభై దాటినోళ్ళకే తెచ్చినా. నీకు పైసారి."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ముందు సంఘ పెద్దలు దారి చూపాలన్నారు. వచ్చే ఆదివారం సీసాలు తిరిగిచ్చిన పెద్దల పేర్లు ఆరాధనలో చదువుతానన్నారు. లాజరస్ లేచి సీసా తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అతను కూర్చున్న బెంచీ కింద నేల అప్పుడే మెరిసింది.

ఎందుకంటే కొన్నాళ్ళుగా దొడ్డి గదిలో అతనికి ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి. ఎండాకాలం వేడి అనుకున్నాడు, పచ్చిమిరపకాయలు అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు సీసా ఇవ్వకపోతే ఆదివారం పేరు రాదు. ఇస్తే లోపల ఉన్నదేదో బయటపడుతుంది. రెండూ కుదరని మనిషి ఏం చేస్తాడు? చేతికి అలవాటైన పనే చేస్తాడు.

పట్టుబడికి ముందు, అంటే గుంటలో రొయ్యలన్నీ పట్టి అమ్మేముందు, కొనేవాళ్ళ మనుషులు శాంపిల్ కోసం వస్తారు. మొదటి గుంట అంత బాగుండదు, రెండో గుంట బాగుంటుంది. రెండో గుంటలో పట్టిన రొయ్యల్ని సంచిలో వేసి, పైన మొదటి గుంట నంబరు వేసి ఇస్తారు. లాజరస్ ఒక్కడే కాదు, ఆ గట్ల మీద అందరూ చేసే పనే. దాన్ని మోసమని ఎవరూ అనరు. మంచి గుంట శాంపిల్ అంటారు.

శనివారం ఏసుమణి పెరట్లో చేపలు తోముతుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మణీ, నువ్వొక సాయం చెయ్యాల."

"ఆ గొంతు సాయమడిగే గొంతులాగా లేదే."

"ఆ సీసా ఉంది చూడు. దాంట్లో నీది పెడదాం."

ఏసుమణి చేతిలో చేప ఆగిపోయింది. "నాదా? నీ పేరు మీదా?"

"నీ ఒళ్ళు రాయి. ఎన్నడన్నా జ్వరమొచ్చి పడుకున్నావా? నువ్వు మంచి గుంటవి మణీ. శాంపిల్ ఎప్పుడైనా మంచి గుంటలో నుంచే ఇయ్యాల."

నవ్వకూడదనుకుంటూనే ఆమె నవ్వింది. "పెళ్ళైన ఇన్నాళ్ళకు నన్ను పొగిడినావు. దానికి నీకు ఇదే దొరికిందా?" తర్వాత నవ్వు తగ్గించి అడిగింది. "నీకేమన్నా ఉందా ఏంది? ఎందుకు భయపడతా ఉండావు?"

"భయం కాదు. సిగ్గు."

అతని పాదాల చుట్టూ మట్టి తెల్లబడింది. ఏసుమణి చూసింది, చెంబుతో నీళ్ళు కుమ్మరించింది, మరేమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే సీసా నింపి, బిగించి, ఇచ్చింది.

పెద్దలందరి పేర్లూ వచ్చాయి. ఆ ఆదివారం పెద్దల బెంచీ కింద ఊడ్చిన ఉప్పుతో చర్చి ఊడ్చే గురవమ్మ ఒక కుండెడు చేపలు ఊరబెట్టిందంటే మిగతాది మీరే ఊహించుకోండి.

క్యాథరిన్ ఫోన్ చేసినప్పుడు లాజరస్ గట్టు మీద ఉన్నాడు.

"లాజరస్ అన్నా, మీ శాంపిల్‌లో రక్తం కనిపించింది. కంగారు పడబాకండి. కానీ కెమెరా పరీక్షకు రావాల. ఎప్పుడొస్తారు?"

నాది కాదు. అతనికి ముందు వచ్చిన ఆలోచన అదే. ఛాతీ మీది బరువు ఎవరో దించినట్టు ఒక సుఖం. ఎంతసేపు ఉందో చెప్పడం కష్టం, గుంటలో గాలి కలిపే ఏరియేటర్ రెక్క నీళ్ళను కొట్టి మళ్ళీ పైకి లేచేంత సేపు. ఆ తర్వాత అది ఎవరిదో గుర్తొచ్చింది.

"అన్నా, ఉన్నారా?"

"ఉండా సిస్టర్. పట్టుబడి కానీ, వస్తా."

ఫోన్ జేబులో పెట్టుకుని కాలు కదపబోతే కదల్లేదు. చీలమండల దాకా ఉప్పు గడ్డకట్టి ఉంది. పోలేరయ్య వచ్చి పార వెనకతో మెల్లగా కొట్టి విడిపించాడు. ఎందుకని అడగలేదు.

ఇంటికి పోయి చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. నేనూ అంటాను. కానీ లాజరస్ తల లోపలికి ఒకసారి పోయి చూడండి. సిస్టర్‌కి చెబితే సంఘ పెద్ద అబద్ధమాడాడని చర్చికి తెలుస్తుంది. భార్యకు చెబితే, నా భయాన్ని తీసుకుపోయి నీ కడుపులో పెట్టానని ఒప్పుకోవాలి. ఆ రెండూ కూడా మింగొచ్చు. కానీ ఆ సుఖం సంగతి? దాన్ని ఏ నోటితో చెప్పాలి? ల్యాబులో సీసాలు తారుమారయ్యాయేమో అనుకున్నాడు. రొయ్యల ల్యాబులో అట్లా ఎన్నిసార్లు జరగలేదు? రేపు చెబుతా అనుకున్నాడు.

"రిపోర్ట్ ఏమైంది?" అని ఏసుమణే అడిగింది, అన్నం వడ్డిస్తూ.

"బాగుందంట."

"చూసినావా, మంచి గుంట," అని ఆమె ఇంకో గరిటె వేసింది. చర్చిని మోసం చేసినందుకే ఆయనకు ఉప్పు రాలుతోందనుకుంది. ఆ పాపంలో తనకూ వాటా ఉంది కాబట్టి, తన అడుగుల్లో సన్నగా మెరిసినదాంతో కలిపి నోరు మూసుకుని ఊడ్చింది.

ఆ రోజు నుంచి లాజరస్ చెక్ ట్రే చూసినట్టు ఆమె కంచం చూడటం మొదలుపెట్టాడు. ఎంత తింది, ఎంత వదిలేసింది. జాకెట్టు భుజం దగ్గర వదులుగా ఉందేమిటి? మెట్లెక్కి ఎందుకు ఆయాసపడింది? ఆమె బిందె ఎత్తబోతే లాక్కునేవాడు. బోగోలులో బంధువుల పెళ్ళికి పోతే పంక్తిలో ఆమెకు కుర్చీ లాగి, తనే నిలబడి వడ్డించాడు. ఆడవాళ్ళు మూతులు కప్పుకుని నవ్వారు. ఇంటికొచ్చాక దానిమ్మకాయలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఏమయ్యా, ఏం తప్పు చేసినావు?"

"తింటావని తెచ్చినా."

"మొన్న నిమ్మకాయలు తెమ్మంటే మర్చిపోయినావు. అడగని దానిమ్మకాయలు తెచ్చినావు. ఎవుర్నన్నా చూసుకున్నావా ఏంది?" అని నవ్వింది. లాజరస్ నవ్వలేదు. పెరట్లోకి పోయాడు. గుమ్మం మీద రెండు తెల్లటి పాదాలు మిగిలాయి.

గుంటల్లో ఉప్పు పెరిగింది. వాన పడినా తగ్గలేదు. పోలేరయ్య ఉప్పు కొలిచే మీటరు మీద నీటి చుక్క వేసి కంటికి పెట్టుకుని చూశాడు, తల గోక్కున్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోబాకండి. మీరు గట్టు మీద తిరగబాకండి. రొయ్యలు మేత మానేసినాయి. మీరు షెడ్డులో కూర్చోండి, నేనే ట్రే ఎత్తి తెచ్చి చూపిస్తా."

"ఎన్నాళ్ళు కూర్చోమంటావురా?"

"అది మీకే తెలియాల. నడవాలనిపిస్తే సముద్రం ఒడ్డుకు పోండి. ఆడ ఎంత రాలినా ఎవురికీ తెలీదు."

లాజరస్ నిజంగానే పోయాడు. సాయంత్రాలు అలల అంచున నడిచాడు. సముద్రానికి అభ్యంతరం లేకపోయింది. తిరిగి ఇంటి గడప తొక్కగానే మళ్ళీ మొదలు.

క్యాథరిన్ ఫోన్లు ఆపలేదు. "అన్నా, పట్టుబడి అయిందా?"

"ఇంకా సైజు రాలేదు సిస్టర్."

"మీ కడుపులో దానికి సైజు రావాలని చూస్తా ఉండారా?"

అతను ఫోన్ కట్ చేశాడు. షెడ్డులో మేత బస్తాల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ మాట నిజం. సైజు పెరుగుతోంది. అతని కడుపులో కాదు.

మామిడికాయలు ఎండబెట్టే రోజులవి. ఉక్కపోతకు ఇద్దరూ వరండాలో చెరో మంచం మీద పడుకునేవాళ్ళు. ఒక ఉదయం ఏసుమణి లేచి మంచం దిగబోయి ఆగింది. కాలు పెట్టే చోటు లేదు.

భర్త మంచం దగ్గర నుంచి ఉప్పు అడుగులు బయల్దేరాయి. గేటు వైపు పోలేదు, పెరటి వైపు పోలేదు. తిన్నగా ఆమె మంచం దగ్గరికి వచ్చాయి. అక్కడ రెండు కుప్పలు. వేళ్ళు ఆమె వైపే తిరిగి ఉన్నాయి. ఒక మనిషి ఒకే చోట చాలాసేపు నిలబడి, నిద్రపోతున్న మనిషిని చూస్తూ ఉంటే తప్ప అంత ఎత్తు ఉప్పు పేరుకోదు. ముందు రోజుల్లో కూడా అక్కడ పల్చగా తెలుపు ఉండేది, ఆమె ఊడ్చేసింది. ఈ రోజు చీపురుకు లొంగేది కాదు.

ఆమె చీపురు చేతిలోకి తీసుకుంది. గోడకు ఆనించింది.

లాజరస్ తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"ఏమయ్యా."

"ఊఁ."

"ఈ ఉప్పు నా గురించేనా?"

అతను వెనక్కి తిరగలేదు. "అట్టా అడగకూడదు మణీ."

"అడిగినా. నా గురించేనా?"

నీళ్ళు గడ్డం మీద నుంచి కారుతున్నాయి. "సీసాలో రక్తం ఉందంట."

ఆమెకు ఏ సీసా అని అడగాల్సిన పని లేకపోయింది. మంచం పట్టె మీద మెల్లగా కూర్చుంది.

"ఎప్పుడు చెప్పినారు?"

"కొన్నాళ్ళైంది."

"బోగోలు పెళ్ళిలో నాకు కుర్చీ లాగి వడ్డించినావే. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"దానిమ్మకాయలు తెచ్చినప్పుడు?"

"తెలుసు."

"మొన్న నీరసంగా ఉందయ్యా అంటే, ఎండకులే, మజ్జిగ తాగమన్నావే."

"తెలుసు మణీ. అన్నిటికీ తెలుసు."

ఇంకొకటి మిగిలింది. దాన్ని చెప్పకుండా ఉండొచ్చు, ఆమె అడగలేదు. కానీ అతని కాళ్ళు ఇంకా నేలకు అతుక్కునే ఉన్నాయి.

"సిస్టర్ ఫోన్ చేసినప్పుడు, నాది కాదని సంతోషపడినా. నీ సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు సంతోషమే వచ్చింది."

అతని పాదాల దగ్గర ఉప్పు కరిగింది. మంచం పక్కన కుప్పలు కూడా కరిగి, నీళ్ళై, వరండా వాలుకు పారి వాకిట్లోకి పోయాయి. ఆ నీళ్ళ వైపు ఇద్దరూ చూడలేదు. ఏసుమణి అతని ముఖమే చూస్తోంది, ఇంట్లోకి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు.

"నీ సంతోషం సంగతి తర్వాత చూస్తాలే," అంది చివరికి. "ఆటోను పిలువు. సిస్టర్‌కి ఫోన్ చెయ్యి. మనిషిని తెస్తా ఉండానని చెప్పు."

నెల్లూరులో క్యాథరిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పేరు నాది సిస్టర్," అన్నాడు లాజరస్. "మనిషి ఈమె."

సిస్టర్ అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆమె ఏసుమణి చెయ్యి పట్టుకుని, "నువ్వు చెయ్యి చాచి అడిగినావక్కా, నేనే ఇయ్యలేదు," అని లోపలికి తీసుకుపోయింది.

కెమెరాలో గడ్డ కనిపించింది. ముక్క తీసి చూస్తే క్యాన్సరే. పేగు గోడ దాటలేదు. డాక్టరు ఆపరేషన్ చేసి ఆ ముక్క పేగు తీసేసి, రెండు కొసలు కలిపి కుట్టారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ మాట ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ణి కాదన్నారు. ఏసుమణి బతికింది. ఆ తర్వాత లాజరస్ తన సీసా తనే నింపి, సొంత చేతులతో తీసుకుపోయి ఇచ్చాడు. దాంట్లోనూ రక్తం వచ్చింది. అతనికీ కెమెరా పెట్టి చూశారు. మొలలు. అంత చిన్న సంగతికి అంత భయపడ్డాడు.

మరుసటి ఆదివారం చర్చిలో లేచి చేసింది చేసినట్టు చెప్పాడు. పెద్దరికం వదులుకుంటానన్నాడు. పాస్టరుగారు అతని భుజం తట్టి, దేవుడే నీ చేత శాంపిల్ మార్పించి నీ భార్యను కాపాడాడని అన్నారు. ఊళ్ళో అందరూ అదే అన్నారు. నీ తప్పే ఆమెను బతికించింది కదా అన్నారు. మొదటిసారి లాజరస్ అవునన్నట్టు తలూపాడు. కాలి కింద ఉప్పు తగిలింది. అప్పటి నుంచి తలూపడం మానేశాడు.

"శాంపిల్ మార్చడం కాపాడిందేమో," అంటాడు. "దాచింది నేను. మణి అడక్కపోయుంటే దాస్తానే ఉందును."

ఏసుమణి వింటుంది, కాదనదు. కొన్నాళ్ళు విడివిడిగా తిన్నా, ఇప్పుడు ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన కూర్చుని తింటున్నారు కానీ, ఫోన్ మోగితే లాజరస్ ఇప్పటికీ ఆమె ముఖం చూడకుండా లేచి పోతాడు. అప్పుడామె, "ఎవరు? ఏమంటా ఉండారు?" అని పిలిచి అడుగుతుంది. అతను వెనక్కొచ్చి చెబుతాడు.

ఇక మీ పని. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోయి మీ వయసుకు ఈ పరీక్ష కావాలా అని అడగండి. చేతికి సీసా ఇస్తే మీది మీరే పెట్టండి, ఇంకొకరిది పెట్టబాకండి. జవాబు ఎవరిదైతే వాళ్ళకు ఆ పూటే చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా ఒక మాట దాచి తిరుగుతున్నారని మీకు తెలుస్తుంటే, మర్యాద పక్కన పెట్టండి. ఈ రోజే కూర్చోబెట్టి అడగండి.